అన్నీ నార్మలేనండీ!

రక్తపరీక్ష రిపోర్టు ఇంటికొస్తే మనమంతా దాన్ని ఒకే రకంగా చదువుతాం. ముందు పేరూ వయసూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటాం. తర్వాత గబగబా పేజీలు తిప్పుతూ లావుగా, నల్లగా అచ్చయిన అంకెల కోసం వెతుకుతాం. కనిపిస్తే గుండె గుభేల్. కనిపించకపోతే "హమ్మయ్య, అన్నీ నార్మలే" అనుకుని ఫైలు తీసుకెళ్లి బీరువాలో పట్టుచీరల కింద పెట్టేస్తాం. మళ్లీ ఏడాదిదాకా దానికీ మనకీ మాటల్లేవు.

ఆ లావు అంకెలు చెప్పేదెంత, చెప్పనిదెంత అన్నది పోయినేడాది మా ఇంట్లో బాగా అనుభవానికొచ్చింది. ముఖ్యంగా లివర్ పేజీ. మీ ఇంట్లోనూ బీరువాలో ఇలాంటి ఫైళ్లు ఉండే ఉంటాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

మా ఆయన ఆఫీసు వాళ్లు ఏడాదికోసారి కుటుంబంలో నలుగురికి పరీక్షలు చేయిస్తారు. మా ఆయన, నేను, అత్తయ్యగారు ముగ్గురమే లెక్కకొస్తే, నాలుగోది వృథా అవుతుందని పదమూడేళ్ల మావాణ్ణి కూడా కూర్చోబెట్టారు. పొద్దున్నే ఆరున్నరకి ఒక కుర్రాడొచ్చి నలుగురి దగ్గరా రక్తం తీసుకెళ్లాడు. సాయంత్రానికి నాలుగు రిపోర్టులు వచ్చేశాయి.

నాది మామూలే, హిమోగ్లోబిన్ 10.2. మన ఆడవాళ్ల ఉమ్మడి ఆస్తి అది. మావాడి కాగితంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 310 అని లావుగా ఉంది. మా ఆయనకి ఎస్‌జీపీటీ 86, ఎస్‌జీఓటీ 52, రెండూ లావుగానే. అత్తయ్యగారి లివర్ పేజీ మాత్రం కడిగిన ముత్యం. ఎస్‌జీపీటీ 25, ఎస్‌జీఓటీ 38. రెండింటికీ 40 దాకా నార్మల్ అని పక్కనే రాసి ఉంది. బిలిరుబిన్ 1.1. ఆల్బుమిన్ 3.4, అంటే ఉండాల్సినదానికన్నా 0.1 తక్కువ. ప్లేట్‌లెట్లు మాత్రం లక్షా పన్నెండు వేలు అని వేరే పేజీలో ఉంది.

ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన చర్చ మీరు ఊహించుకోవచ్చు. మా ఆయన లివర్ గురించి గంటన్నర. "నువ్వు బయట తిండి మానరా అంటే వినవు" అని అత్తయ్యగారు. "అమ్మా, నాకు లివర్ అయితే నీకేమో డెంగ్యూనేమో, ప్లేట్‌లెట్లు చూడు" అని మా ఆయన. "జ్వరం లేకుండా డెంగ్యూ ఏమిట్రా" అని ఆవిడ. విజయవాడ నుంచి మా ఆడపడుచు ఫోన్లో "బొప్పాయి ఆకు రసం ఇవ్వు వదినా, రెండు రోజుల్లో పెరుగుతాయి" అని. రిపోర్టుతోబాటు వచ్చే ఉచిత సలహా ఫోనులో మాట్లాడినమ్మాయి "ఆంటీగారివి ఆల్మోస్ట్ అన్నీ నార్మలేనండీ, సార్‌ని మాత్రం డాక్టరుకి చూపించండి" అంది.

సరే, శనివారం పొద్దున్న సార్‌ని తీసుకుని లివర్ డాక్టరు దగ్గరికి బయల్దేరాం. అత్తయ్యగారు కూడా వచ్చారు, దారిలో గుడికి వెళ్దామని. రిపోర్టులన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి.

డాక్టరుగారు మా ఆయన కాగితం చూసి, పొట్ట నొక్కి, బరువు చూశారు, 84 కిలోలు. "మందు తాగుతారా?" అంటే ఈయన నా వైపు చూసి "ఎప్పుడైనా పెళ్లిళ్లలో" అన్నారు. ఆయన నవ్వి స్కాన్‌కి రాసి, "ఇంట్లో ఇంకెవరికైనా షుగర్ ఉందా?" అన్నారు. "అమ్మకి పద్దెనిమిదేళ్లుగా ఉందండీ. కానీ ఆవిడ లివర్‌కేం లేదు, అన్నీ నార్మలే" అని మా ఆయన కవర్లోంచి ఆవిడ రిపోర్టు తీసి చేతికిచ్చారు.

డాక్టరుగారు ఆ కాగితాన్ని మా ఆయనదానికన్నా ఎక్కువసేపు చూశారు. తర్వాత ప్రిస్క్రిప్షన్ వెనక్కి తిప్పి, ఫోన్ తీసి, ఏవో కూడికలూ గుణకారాలూ చేశారు. "అమ్మా, మీ వయసెంత?" అన్నారు. "అరవయ్యారు" అన్నారు అత్తయ్యగారు. ఆయన కాగితం మా వైపు తిప్పారు. మా ఆయన పేరు పక్కన 0.9, అత్తయ్యగారి పేరు పక్కన 4.5 అని ఉంది.

"ఈయన గురించి కంగారు లేదు. మాట్లాడాల్సింది అమ్మగారి గురించి" అన్నారు.

ఆ తర్వాత ఆయన చెప్పినవీ, ఆ నెలంతా నేను ఆయన్ని అడిగి, చదివి తెలుసుకున్నవీ కలిపి మీకు చెప్తాను.

ముందు ఆ ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీల సంగతి. ఇవి మన కణాల లోపల పనిచేసే ఎంజైములు. మనం తిన్న పప్పులోని ప్రొటీన్ అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది కదా, ఒక అమైనో ఆమ్లం నుంచి నత్రజని ఉన్న ముక్కని తీసి ఇంకోదానికి తగిలించడం వీటి పని. వీటికి బి6 విటమిన్ తోడు కావాలి. ఎస్‌జీపీటీ ఎక్కువగా లివర్‌లోనే ఉంటుంది. ఎస్‌జీఓటీ లివర్‌తోబాటు గుండెలో, కండరాల్లో, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. ఇప్పుడు కొత్త రిపోర్టుల్లో వీటినే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అని రాస్తున్నారు. పేరు మారింది కానీ మనిషి అదే.

తమాషా ఏమిటంటే, ఎస్‌జీఓటీ మొదట పేరు తెచ్చుకుంది లివర్ వల్ల కాదు, గుండెపోటు వల్ల. 1954లో న్యూయార్క్‌లో లాడ్యూ, వ్రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే ముగ్గురు, గుండెపోటు వచ్చినవాళ్ల రక్తంలో ఈ ఎంజైము పెరుగుతోందని ప్రకటించారు. చచ్చిపోయిన గుండె కండరంలోంచి అది రక్తంలోకి కారుతోందన్నమాట. ఆ వెంటనే లివర్ వాపు ఉన్నవాళ్లలో కూడా పెరుగుతుందని తెలిసింది. గుండెకి ఇప్పుడు ట్రోపోనిన్ లాంటి మెరుగైన పరీక్షలొచ్చేశాయి కాబట్టి, ఇది లివర్ పేజీలో స్థిరపడిపోయింది.

"కారడం" అన్న మాట గుర్తుపెట్టుకోండి. కథంతా అందులోనే ఉంది. ఈ ఎంజైములు ఉండాల్సింది కణం లోపల. కణం దెబ్బతింటే బయటికి కారి రక్తంలో కలుస్తాయి. అంటే రిపోర్టులో ఉన్న అంకె లివర్ ఎంత బాగా పనిచేస్తోందో చెప్పేది కాదు. ఈ నాలుగైదు రోజుల్లో ఎన్ని కణాలు దెబ్బతిన్నాయో చెప్పేది. రక్తంలోకి వచ్చిన ఎస్‌జీఓటీ సుమారు పదిహేడు గంటల్లో, ఎస్‌జీపీటీ దాదాపు రెండు రోజుల్లో సగానికి తగ్గిపోతాయి. ఎప్పటి సంగతో వాటికి తెలియదు. నిన్నా మొన్నటి సంగతులే చెప్తాయి.

నాకు వంటింటి భాషలోకి వస్తే తప్ప ఏదీ బుర్రకెక్కదు. వంటింట్లో పదిహేను కిలోల నూనె డబ్బా ఉందనుకోండి. కింద గచ్చు మీద జిడ్డు కనిపిస్తే డబ్బాకి చిల్లు పడిందని తెలుస్తుంది. కానీ గచ్చు మీద జిడ్డుని చూసి డబ్బాలో ఎంత నూనె మిగిలిందో చెప్పలేం. పైగా డబ్బా సగానికి సగం ఖాళీ అయి, నూనె చిల్లు కిందికి దిగిపోతే? కారడం ఆగిపోతుంది. గచ్చు శుభ్రంగా ఉంటుంది. చూసినవాళ్లు "అన్నీ నార్మలే" అంటారు.

అత్తయ్యగారి లివర్‌లో జరిగింది అదే. ఏళ్ల తరబడి షుగర్ వల్ల లివర్‌లో కొవ్వు పేరుకుంది. కొవ్వు వల్ల వాపు, వాపు మానినచోటల్లా మచ్చ. చెయ్యి కాలితే మచ్చ పడినట్టే. మచ్చ పడ్డచోట కారడానికి కణాలేవీ లేవు. అందుకే ఎంజైములు మళ్లీ నార్మల్‌లోకి వచ్చేశాయి.

మరి డాక్టరుగారు ఎలా పట్టారు? ప్లేట్‌లెట్లతో. పేగుల్నుంచి రక్తమంతా ఒక పెద్ద నాళం గుండా లివర్‌లోకే వెళ్తుంది. లివర్ మచ్చలు పడి గట్టిపడితే ఆ రక్తం లోపలికి పోలేక వెనక్కి తన్నుతుంది. పక్కనే ఉన్న ప్లీహం ఆ ఒత్తిడికి ఉబ్బిపోతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లని తనలోనే పట్టి ఉంచేసుకుంటుంది. పైగా ప్లేట్‌లెట్లు తయారు చెయ్యమని ఎముక మజ్జకి కబురు పంపే హార్మోను తయారయ్యేదీ ఎక్కువగా లివర్‌లోనే. అదీ తగ్గుతుంది. మేం డెంగ్యూ, బొప్పాయి ఆకు అని మాట్లాడుకున్న ఆ లక్షా పన్నెండు వేలు, నిజానికి లివర్ పంపిన ఉత్తరం. వేరే పేజీలో ఉంది, అంతే తేడా.

ఆయన వేసిన లెక్క పేరు ఫిబ్-4. నేనూ నేర్చుకున్నాను, పెద్ద కష్టమేం కాదు. వయసుని ఎస్‌జీఓటీతో గుణించాలి. దాన్ని ప్లేట్‌లెట్ల అంకెతో భాగించాలి. లక్షా పన్నెండు వేలైతే 112 అని తీసుకోవాలి. వచ్చినదాన్ని ఎస్‌జీపీటీ వర్గమూలంతో భాగించాలి. అత్తయ్యగారికి 66ని 38తో గుణిస్తే 2508. ఎస్‌జీపీటీ 25 కాబట్టి వర్గమూలం 5. 112ని 5తో గుణిస్తే 560. 2508ని 560తో భాగిస్తే 4.5 వచ్చింది. 1.3 లోపు వస్తే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం చాలా తక్కువ. అరవయ్యైదు దాటినవాళ్లకి 2 దాకా ఫరవాలేదు. 2.67 దాటితే ఊరుకోకూడదు. మధ్యలో ఉంటే ఇంకో పరీక్ష చేసి తేల్చుకోవాలి. ముప్ఫై అయిదు లోపు వాళ్లకి ఈ లెక్క సరిగ్గా పనిచెయ్యదు. ఇందులో వాడిన నాలుగు అంకెలూ మామూలు రిపోర్టులో ఉండేవే. ఎవరో ఒకరు కూర్చుని కలపాలి, అంతే.

లెక్క చెప్పినంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, అందుకని ఫైబ్రోస్కాన్ చేశారు. పక్కటెముకల మీద ఒక పరికరం ఆనించి చిన్నగా తట్టినట్టు చేస్తే, ఆ తరంగం లివర్‌లో ఎంత వేగంగా పోతుందో చూసి గట్టిదనం చెప్తుంది. నొప్పీ గిప్పీ లేదు. అత్తయ్యగారికి 22 కిలోపాస్కల్స్ వచ్చింది. ఏడు లోపు ఉంటే మామూలు. హెపటైటిస్ బి, సి పరీక్షలు రెండూ లేవనే వచ్చాయి. చివరికి ఆ మాట చెప్పారు. సిరోసిస్.

ఆటోలో ఇంటికొస్తుంటే అత్తయ్యగారు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, వంటింటి గడపలో నిలబడి "అమ్మాయ్, ఎవరికీ చెప్పకండి" అన్నారు.

"ఎందుకు అత్తయ్యా?"

"లివర్ పాడైందంటే నలుగురూ ఏమనుకుంటారు? అది తాగుబోతుల జబ్బు కదే."

జబ్బు కన్నా ఈ మాటే ఆవిణ్ణి ఎక్కువ కుంగదీసింది. జీవితంలో దగ్గు మందు కూడా వాసన చూసి పక్కన పెట్టే మనిషి. మడి కట్టుకుని వంట చేసిన మనిషి. మూడు వారాలపాటు బంధువులు ఫోన్ చేస్తే "కాస్త గ్యాస్ ట్రబులూ" అని చెప్పారు. ఆడపడుచుకి చెప్పడానికే పది రోజులు పట్టింది. చెప్తే ఆవిడ మా మీదే లేచింది. "అన్నీ నార్మల్ ఉన్న మనిషికి సిరోసిస్ ఏమిటి? ఆ డాక్టరు డబ్బుల కోసం చెప్తున్నాడు. ఇక్కడికి తీసుకురండి, వేరే చోట చూపిస్తాను" అని. నాకు కోపం రాలేదు. కూతురు కదా. చూపించనిచ్చాం. అక్కడా అదే మాట చెప్పారు. ఆ రోజు రాత్రి ఆడపడుచు ఫోన్ చేసి ఏమీ అనలేదు, "అమ్మ పెరుగన్నం తింది వదినా" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

తాగనివాళ్లకి లివర్ జబ్బు రావడం ఇప్పుడు అరుదేమీ కాదు. షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, ఇవి చాలు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2021లో ఈ ఫ్యాటీ లివర్‌ని షుగర్, బీపీల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. 2023లో డాక్టర్లందరూ కలిసి దీని పేరులోంచి "ఆల్కహాల్" అన్న ముక్కనే తీసేశారు. పాత పేరులో "ఆల్కహాల్ వల్ల రానిది" అని ఉండేది. కాదు అని చెప్పడానికైనా ఆ మాట ఎందుకు, రోగికి అవమానం కదా అన్నది ఒక కారణం. ఈ సంగతి అత్తయ్యగారికి చెప్తే "ఆ పేరు మార్చినవాళ్లెవరో గానీ చల్లగా ఉండాలి" అన్నారు.

ఇప్పుడు తెలియడం వల్ల ఒరిగిందేమిటి అంటారా? చాలా ఉంది. ప్లేట్‌లెట్లు అంత తక్కువున్నాయంటే వెనక్కి తన్నిన రక్తం అన్నవాహికలోని నాళాల్ని ఉబ్బించి ఉండొచ్చని ఎండోస్కోపీ చేశారు. ఉబ్బి ఉన్నాయి. అవి పగిలితే రక్తపు వాంతి అవుతుంది, ప్రాణం మీదికొస్తుంది. "చాలామందిని నేను మొదటిసారి చూసేది ఆ వాంతి అయ్యాకే" అన్నారు డాక్టరుగారు. చిన్న రబ్బరు బ్యాండ్లు వేసి వాటిని మూసేశారు. ఒత్తిడి తగ్గడానికి మాత్ర ఇచ్చారు. ఆరునెలలకోసారి పొట్ట స్కాన్ చేయించాలి, గడ్డలేమైనా వస్తే చిన్నగా ఉన్నప్పుడే తెలియడానికి. మోకాళ్ల నొప్పికి ఆవిడ మందుల షాపులో తెప్పించుకునే నొప్పి మాత్రలు పూర్తిగా బంద్. కావాలంటే పారాసెటమాల్, అదీ ఆయన చెప్పిన మోతాదులోనే. హెపటైటిస్ బి టీకా కూడా వేశారు, ఉన్న లివర్ మీద ఇంకో దెబ్బ పడకూడదని. మన దేశంలో ఈ టీకాని కొత్త పద్ధతిలో మొదట తయారు చేసింది మన హైదరాబాద్‌లోనే, 1997లో వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్. అంతకుముందు దిగుమతి టీకా ఖరీదు మనబోటివాళ్లకి అందేది కాదు.

లివర్ నిజంగా ఎలా పనిచేస్తోందో తెలుసుకోవాలంటే చూడాల్సినవి వేరే ఉన్నాయట. ఆల్బుమిన్, అది లివర్ తయారుచేసే ప్రొటీన్. రక్తం గడ్డకట్టే సమయం, దానికి కావాల్సిన సరుకూ చాలావరకు లివర్‌దే. బిలిరుబిన్, దాన్ని బయటికి పంపే పని లివర్‌ది. నూనె డబ్బా భాషలో ఇవి డబ్బాలో ఏం మిగిలిందో చెప్పేవి. అత్తయ్యగారికి ఇవి కొద్దిగానే అటూ ఇటూ ఉన్నాయి. "మచ్చలున్నా, మిగిలిన భాగం పని నడుపుకొస్తోంది. దాన్ని కాపాడుకుందాం" అన్నారు.

ఇక మిగిలిన రెండు లావు అంకెలు. మావాడి 310. అది లివర్‌ది కాదు, ఎముకలది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పిత్తనాళాల్లోనూ ఉంటుంది, ఎముకల్లోనూ ఉంటుంది. ఎదిగే పిల్లలకి పెద్దవాళ్ల కొలతతో చూస్తే ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లకి చివరి నెలల్లో మాయ నుంచి కూడా వస్తుంది. అనుమానమొస్తే జీజీటీ చూస్తారు. అది ఎముకల్లో ఉండదు కాబట్టి, అదీ పెరిగితే లివర్ వైపు, పెరగకపోతే ఎముకల వైపు. మావాడు ఆ ఏడాది నాలుగు అంగుళాలు పెరిగాడు, ప్యాంట్లన్నీ చీలమండల పైకి వచ్చేశాయి. దానికి రిపోర్టు అక్కర్లేదు. జిమ్‌కి కొత్తగా వెళ్లి బరువులెత్తినా కూడా కండరాల్లోంచి ఎస్‌జీఓటీ కారి, ఒక్కోసారి ఎస్‌జీపీటీ కూడా పెరిగి కనిపిస్తాయట.

మా ఆయన 86 మాత్రం లివర్‌దే. కొత్త చిల్లు. డబ్బా నిండుగా ఉంది, అందుకే బాగా కారుతోంది. కొవ్వు ఉంది, మచ్చ ఇంకా పడలేదు. మందేమీ రాయలేదు. "ఆరు నుంచి ఎనిమిది కిలోలు తగ్గండి, అదే మందు" అన్నారు. బరువులో ఏడు నుంచి పది శాతం తగ్గితే వాపు తగ్గుతుంది, కొవ్వు దిగుతుంది. కాఫీ తాగొచ్చా అని భయపడుతూ అడిగితే "శుభ్రంగా తాగండి, పంచదార మానండి" అన్నారట. ఆ ఒక్క మాటతో ఆ డాక్టరు మా ఆయనకి దేవుడైపోయారు. రాత్రి అన్నం తగ్గింది, రోజూ చెరువు చుట్టూ నడక మొదలైంది. నాలుగు నెలలకి 78 కిలోలు, ఎస్‌జీపీటీ 41.

సలహాలిచ్చేవాళ్లకి మన దగ్గర కొదవ లేదు. ఒకరు లివర్ టానిక్, ఒకరు తిప్పతీగ కషాయం. 2021లో ముంబై డాక్టర్లు, తిప్పతీగ తీసుకున్న ఆరుగురిలో లివర్ దెబ్బతిన్న సంగతి వైద్యపత్రికలో రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన వాళ్లు తేల్చుకుంటారు. అసలే సగం మిగిలిన లివర్‌తో మేం ప్రయోగాలు చెయ్యలేం. మా పెద్దమ్మ "కామెర్లకి పసరు మందు ఎంతమందికి తగ్గించలేదూ" అంది. నిజమే, మా గోదావరి జిల్లాల్లో పసరు పోసేవాళ్ల ఇళ్ల ముందు తెల్లారేసరికి జనం ఉండేవాళ్లు. నీటి వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకొచ్చేది. ఈ మచ్చ అలా పోయేది కాదు.

మా ఇంట్లో అసలు యుద్ధం మందుల దగ్గర జరగలేదు. కార్తీకమాసంలో జరిగింది.

సిరోసిస్ ఉన్న లివర్ పిండిపదార్థాన్ని దాచిపెట్టుకోలేదు. మనం రాత్రి తిని పొద్దున్న దాకా ఉంటే మనకేమీ కాదు. వాళ్లకి ఆ ఒక్క రాత్రే, మామూలు మనిషి రెండు మూడు రోజులు పస్తున్నదానితో సమానమట. శరీరం కండని కరిగించి తింటుంది. అందుకని పడుకోబోయే ముందు ఏదో ఒకటి తినాలి, ప్రొటీన్ బాగా తినాలి, ఉపవాసాలు చెయ్యకూడదు. గుడ్డు ముట్టని ఇల్లు మాది. పెసరపప్పు, పెరుగు, పనీర్, సెనగలు, మీల్‌మేకర్ అని లెక్కలేసి ఆవిడ 62 కిలోలకి రోజుకి 75 గ్రాముల ప్రొటీన్ పట్టించడం నా పని. అదెలాగో చేస్తాను. ఊరగాయల జాడీ పైఅరలోకి పోయింది, దానికీ ఒప్పుకున్నారు. కానీ కార్తీక సోమవారాలు?

"యాభై ఏళ్లుగా నక్షత్రం చూడకుండా మెతుకు ముట్టలేదు. ఇప్పుడు ప్రాణం కోసం మానాలా?" అన్నారు. మా ఆయన డాక్టరు చెప్పారని గట్టిగా అరిచారు. ఆవిడ గట్టిగా మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయారు. నాకు ఇద్దరూ సరిగ్గానే కనిపించారు. ఆ ఉపవాసం ఆవిడకి తిండి మానడం కాదు. మామయ్యగారు పోయిన ఏడాది కూడా ఆపకుండా పట్టుకున్న ఒకే ఒక్క తాడు. రిపోర్టులో అంకె చూపించి దాన్ని వదిలెయ్యమంటే ఎలా వదులుతారు?

మర్నాడు ఆవిడే వచ్చారు. "అమ్మాయ్, పాలూ పళ్లూ తీసుకుంటే ఉపవాసానికి దోషం లేదు, అశక్తులకి మరీను. మూడు గంటలకోసారి ఏదో ఒకటి ఇవ్వు. డాక్టర్ని అడుగు ముందు" అన్నారు. అడిగాను. షుగర్ మాత్రలు ఎలా సర్దాలో చెప్పి సరే అన్నారు. ఆ నాలుగు సోమవారాలూ గంట చూసుకుని గ్లాసుడు పాలు, ఉడకబెట్టిన చిలగడదుంప, పెరుగు, అరటిపండు అందించాను. సాయంత్రం దీపం పెట్టి, నక్షత్రం చూసి, ఆవిడ అన్నం తిన్నారు. రాత్రి తొమ్మిదిన్నరకి మళ్లీ పాలు. "ఇదేం ఉపవాసమే, పెళ్లిభోజనంలా ఉంది" అన్నారు కానీ తాగేశారు.

మొన్న జనవరిలో ఆవిడ పినతల్లి కూతురు రాజమండ్రి నుంచి ఫోన్ చేశారు. అరవయ్యొక్కేళ్లు, పదిహేనేళ్లుగా షుగర్. మాటల్లో "నావి అన్నీ నార్మలేనే" అన్నారట. అత్తయ్యగారు ఫోన్ స్పీకర్లో పెట్టి నన్ను పిలిచారు. "నీ కాగితం తియ్యవే. ఎస్‌జీపీటీ ఒక్కటీ కాదు, ప్లేట్‌లెట్లు కూడా చదువు. ఇదిగో, మా కోడలు లెక్కేస్తుంది" అన్నారు. ఎందుకే అని ఆవిడడిగితే, ఒక్క క్షణం ఆగి, "నాకు లివర్ జబ్బే. తాగకపోయినా వస్తుంది. నీకు షుగరుంది కదా" అన్నారు.

ఎస్‌జీఓటీ 30, ఎస్‌జీపీటీ 34, ప్లేట్‌లెట్లు రెండు లక్షల పదివేలు. కాలిక్యులేటర్లో కొడితే 1.5 వచ్చింది. భయపడాల్సిందీ కాదు, బీరువాలో పెట్టేయాల్సిందీ కాదు. ఒకసారి డాక్టరుకి చూపించుకుని లివర్ గట్టిదనం చూపించుకోమని చెప్పాను. "వెళ్తుందంటావా?" అని ఫోన్ పెట్టేశాక అడిగాను.

"వెళ్లకేం చేస్తుంది? రోజూ ఫోన్ చేస్తాగా" అన్నారు అత్తయ్యగారు.